ఆ చిన్న రెండు ఎక్కడ రాయాలి?

ప్రశ్న

నల్గొండ జిల్లాలోని ఒక ఊరి నుంచి ఒక తల్లి రాసిన ఉత్తరం ఇది. పేరు వేయవద్దన్నారు. ఉత్తరం పొడవుగా ఉంది కాబట్టి ముఖ్యమైన సంగతులు మాత్రం ఇక్కడ చెబుతున్నాను.

ఆమె ఇరవై ఏళ్ల కిందట తెలుగు మీడియంలో ఇంటర్ బైపీసీ చదివారు. పెళ్లితో చదువు ఆగిపోయింది. భర్త బత్తాయి తోట చూసుకుంటారు. ఒక్కతే కూతురు, ఇప్పుడు పదో తరగతి, ఇంగ్లిష్ మీడియం. తొమ్మిదో తరగతి దాకా రోజూ రాత్రి అన్నాలయ్యాక తల్లీకూతుళ్లు కలిసి కూర్చుని చదువుకునేవారు. ఈ ఏడాది రసాయన సమీకరణాల పాఠం దగ్గర ఆ అలవాటు తెగిపోయింది.

హైడ్రోజన్, ఆక్సిజన్ కలిసి నీరయ్యే సమీకరణాన్ని తుల్యం చేసుకురమ్మని హోంవర్క్ ఇచ్చారు. ఎడమ పక్క ఆక్సిజన్లు రెండు, కుడి పక్క ఒకటే. "ఓ కింద చిన్న రెండు వేసెయ్, సరిపోతుంది" అని తల్లి చెప్పారు. పాప అలాగే రాసుకుపోయింది. టీచర్ తప్పన్నారు. పాప ఊరుకోలేదు. "రెండు పక్కలా సమానంగానే ఉన్నాయి కదా సార్, మా అమ్మ చెప్పింది" అంది. క్లాసంతా నవ్వింది.

ఆ రోజు నుంచి పాప తల్లిని ఏమీ అడగడం లేదు. దగ్గరికెళ్తే, "మాది ఇంగ్లిష్ మీడియం, నీకు తెలీదులే అమ్మా" అంటోంది. సమీకరణాలన్నీ ఎక్కాల్లా బట్టీ పడుతోంది. మొన్న స్లిప్ టెస్టులో నోట్సులో లేని సమీకరణాలు ఇచ్చారు. 20కి 6 వచ్చాయి. ఆ రాత్రి అన్నం తినకుండా పడుకుంది.

టౌన్లో ట్యూషన్ పెట్టిద్దామని భర్త అంటున్నారు. తొమ్మిది కిలోమీటర్లు, ఇంటికొచ్చేసరికి రాత్రి ఎనిమిది దాటుతుంది. "ఆయనకు తోట, మందులు తప్ప ఈ కెమిస్ట్రీ ఏమీ తెలియదు. నాకు తెలుసనుకున్నది ఇలా అయింది" అని ఆమె రాశారు. పాప బడికి వెళ్లాక మధ్యాహ్నం పూట ఆ పుస్తకం తీసి చదువుకుంటున్నారట. తనకు తెగని సందేహాలు ఉత్తరం చివర రాశారు. చిన్న అంకె ఎందుకు మార్చకూడదు? ఏవైనా రెండు కలిస్తే ఏం తయారవుతుందో ఎలా తెలుస్తుంది? గ్యాస్ మండిపోతే ఆ బరువంతా ఎక్కడికి పోతుంది? చర్యల్లో నాలుగు రకాలు గుర్తుపట్టేదెలా? ఆక్సీకరణం ఏది, క్షయకరణం ఏది? సోడియానికి ఎన్‌ఏ ఎందుకు? మెగ్నీషియం తీగను గరుకు కాగితంతో ఎందుకు రుద్దాలి?

ఆఖరున అడిగింది: "నేను పాపకు సారీ చెప్పాలా? ట్యూషన్‌కి పంపాలా? లేక నేనే పక్కకు తప్పుకోవాలా?"

సమాధానం

అమ్మా,

మీ ఉత్తరంలో మూడు ముడులు ఒకదాని మీద ఒకటి పడి బిగుసుకున్నాయి. ఒకటి కెమిస్ట్రీది, ఇంకొకటి ఇంగ్లిష్‌ది, మూడోది క్లాసులో వచ్చిన ఆ నవ్వుది. మీకు మొదటిదే పెద్దగా కనిపిస్తోంది. ఏళ్ల తరబడి హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్పినవాణ్ణి, నాకు మూడోదే పెద్దదనిపిస్తోంది. అయితే మొదటి ముడి విప్పకుండా మూడోదాని మీద చెయ్యి వేయలేం. అందుకే ముందు ఆ రెండు సంగతి చూద్దాం.

మీరు లెక్క తప్పలేదు. చిన్న రెండు వేశాక ఎడమ పక్క రెండు హైడ్రోజన్లు, రెండు ఆక్సిజన్లు, కుడి పక్కా అంతే. మీ అమ్మాయి టీచర్‌తో అన్న మాటలో అబద్ధం లేదు. చిక్కల్లా ఏమిటంటే, అక్కడ రాసింది ఇప్పుడు నీరు కాదు. రెండు హైడ్రోజన్లు, ఒక ఆక్సిజన్ కలిసి ఒక అణువైతే అది నీరు. రెండు హైడ్రోజన్లు, రెండు ఆక్సిజన్లు అయితే అది హైడ్రోజన్ పెరాక్సైడ్. మెడికల్ షాపులో ముదురు రంగు సీసాలో అమ్ముతారు, గాయం మీద పోస్తే బుసబుసా నురగ వస్తుంది, అదే. 1818లో ఫ్రాన్స్‌లో థెనార్డ్ అనే శాస్త్రవేత్త దాన్ని మొదట తయారుచేశాడు.

సైకిల్‌కి రెండు చక్రాలుంటాయి. షాపులో సైకిళ్లు బిగిస్తుంటే ఒక చక్రం మిగిలిందనుకోండి. మిగిలింది కదా అని దాన్నీ అదే సైకిల్‌కి బిగిస్తే చక్రాల లెక్క తేలుతుంది, కానీ ఇప్పుడు మన ముందున్నది సైకిల్ కాదు, రిక్షా. రిక్షా కూడా పనికొచ్చే బండే, కాకపోతే అడిగింది సైకిల్. మిగిలిన చక్రం సైకిల్‌గానే తేలాలంటే ఇంకో ఫ్రేము, ఇంకో చక్రం తెచ్చి రెండో సైకిల్ కట్టాలి. సమీకరణం తుల్యం చేయడమంటే ఈ రెండో పని. కింద రాసే చిన్న అంకెను బట్టి అది ఏ పదార్థమో తెలుస్తుంది. ముందు రాసే పెద్ద అంకెను బట్టి అలాంటివి ఎన్నో తెలుస్తుంది. ఎన్ని అన్నది మన చేతిలో ఉంది, ఏది అన్నది మన చేతిలో లేదు. నీటి విషయంలో మిగిలిన ఒక్క ఆక్సిజన్‌కి ఇంకో జత హైడ్రోజన్ తెచ్చి ఇంకో నీటి అణువు కట్టాలి. రెండు హైడ్రోజన్ అణువులు, ఒక ఆక్సిజన్ అణువు కలిస్తే రెండు నీటి అణువులు. ఆ రెండు ఓ కింద కాకుండా, హైడ్రోజన్ ముందు ఒకటి, నీటి ముందు ఒకటి రావాలి.

ఇంకో సంగతి కూడా మీ అమ్మాయికి తెలియాలి. పరిశ్రమల్లో పెరాక్సైడ్ చేసేటప్పుడు మధ్యలో వేరే పదార్థాలు సాయపడతాయి గానీ, చివరికి ఖర్చయ్యేవి హైడ్రోజన్, ఆక్సిజన్ మాత్రమే. అంటే ఆ రోజు ఆమె నోట్సులో రాసిన సమీకరణం లోకంలో ఉన్నదే. ప్రశ్న నీటి గురించి, జవాబు పెరాక్సైడ్ గురించి, అంతే తేడా. ఈ ఒక్క ముక్క క్లాసులో చెప్పి ఉంటే నవ్వే సందర్భమే ఉండేది కాదు. పరమాణు సిద్ధాంతాన్ని నిలబెట్టిన డాల్టన్ 1808లో నీటి అణువును ఒక హైడ్రోజన్, ఒక ఆక్సిజన్ అనే రాశాడు. అవగాడ్రో 1811లోనే దారి చూపించినా, ఆ లెక్క అందరికీ కుదిరి రెండు హైడ్రోజన్లని స్థిరపడేసరికి 1860 వచ్చింది. ప్రపంచంలోని రసాయన శాస్త్రవేత్తలంతా యాభై ఏళ్లు తికమకపడ్డ చోట మీరు ఒక రాత్రి తడబడ్డారు.

మీ రెండో సందేహం అన్నిటికంటే విలువైంది. ఏం తయారవుతుందో ఎలా తెలుస్తుంది? కాగితం మీద తెలియదమ్మా. చూసినవాళ్లు చెబితేనే తెలుస్తుంది. హైడ్రోజన్‌ని మండిస్తే నీరొస్తుందని ఎవరూ లెక్కలు వేసి కనుక్కోలేదు. 1780ల్లో ఇంగ్లండ్‌లో కావెండిష్ మండించి చూశాడు, పాత్ర గోడలకు తడి పట్టింది. ఆ తర్వాతే లావోయిజర్ ఆ వాయువుకు 'నీటిని పుట్టించేది' అనే అర్థం వచ్చేలా హైడ్రోజన్ అని పేరు పెట్టాడు. సమీకరణం అంటే జరిగినదాన్ని చెప్పే వాక్యం. ముందు ఏం జరిగిందో మాటల్లో చెప్పాలి. తర్వాత ఆ పదార్థాల పేర్లకు ఫార్ములాలు రాయాలి, ఇందుకు సంయోజకత, అంటే ఒక్కో పరమాణువు ఎన్నిటితో కూడగలదో, తెలిసి ఉండాలి. ఆ రెండూ అయ్యాకే లెక్క. మీ అమ్మాయి మొదటి రెండూ వదిలి మూడోదాని మీద పడింది. అందుకే నోట్సులో లేనిది వచ్చేసరికి చేతులాడలేదు. ఇది ఆమె ఒక్కదాని జబ్బు కాదు, నేను చూసిన పిల్లల్లో సగం మందికి పైగా ఉండేది.

గ్యాస్ సంగతి మీ వంటింట్లోదే కాబట్టి కాస్త నిలబడి చూద్దాం. వంటగ్యాస్‌లో ఉండేవి ముఖ్యంగా బ్యూటేన్, ప్రొపేన్. సులువు కోసం అంతా బ్యూటేనే అనుకుందాం. ఒక బ్యూటేన్ అణువులో 4 కార్బన్లు, 10 హైడ్రోజన్లు ఉంటాయి. మండితే వచ్చేవి కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి. 4 కార్బన్లకు 4 కార్బన్ డయాక్సైడ్లు. 10 హైడ్రోజన్లకు 5 నీళ్లు. ఇప్పుడు ఆక్సిజన్లు లెక్కపెట్టండి. అక్కడ 8, ఇక్కడ 5, మొత్తం 13. ఆక్సిజన్ గాలిలో జతలుగానే దొరుకుతుంది. 13 అంటే ఆరున్నర జతలు. అర జత రాయలేం కాబట్టి అన్నిటినీ రెట్టింపు చేస్తాం. 2 బ్యూటేన్లు, 13 ఆక్సిజన్ జతలు కలిస్తే 8 కార్బన్ డయాక్సైడ్లు, 10 నీళ్లు. కార్బన్ ముందు, హైడ్రోజన్ తర్వాత, ఆక్సిజన్ చివర. మండే పదార్థం ఏదైనా ఈ వరసలో పోతే పిల్లలకు తడబాటు ఉండదు. ఒంటరిగా, మూలకంగా ఉన్నదాన్ని ఎప్పుడూ ఆఖరున సరిచేసుకోమనండి. దాని ముందు ఏ అంకె పెట్టినా ఇంకెవరి లెక్కా చెడదు.

ఇక బరువు. 14.2 కిలోల సిలిండర్ ఖాళీ అయ్యేసరికి అది గాలిలోంచి దాదాపు 51 కిలోల ఆక్సిజన్ తీసుకుంటుంది. తిరిగి 43 కిలోల కార్బన్ డయాక్సైడ్, 22 కిలోల నీటి ఆవిరి వదులుతుంది. లోపలికి వెళ్లింది 65, బయటికి వచ్చింది 65. గ్యాస్ ఎక్కడికీ పోలేదు. రెండు నెలల్లో మీ వంటింటి కిటికీలోంచి రెండు బిందెల నీళ్లు ఆవిరిగా బయటికి వెళ్లాయి, మనకు కనపడలేదు. చల్లటి నీళ్ల గిన్నెను స్టవ్ మీద పెట్టిన మొదటి అర నిమిషంలో గిన్నె బయటి పక్క చెమ్మ పడుతుంది చూడండి. కొంత ఈ నీరే. ద్రవ్యనిత్యత్వ నియమం అని మీరు చదువుకున్న పెద్ద మాట గిన్నె మీది ఆ చెమ్మలో ఉంది.

మీ ఉత్తరంలో ఒక వాక్యం దగ్గర మాత్రం నేను ఆగిపోయాను. "ఆయనకు తోట, మందులు తప్ప ఈ కెమిస్ట్రీ ఏమీ తెలియదు" అన్నారు. బత్తాయి రైతుకి బోర్డో మిశ్రమం కలపడం తెలియకుండా ఉంటుందా? బంక తెగులుకి మొదళ్లకు పూసే ముద్ద కూడా దాంతోనే చేస్తారు. మైలుతుత్తం (పుస్తకంలో కాపర్ సల్ఫేట్ అనేది ఇదే) కిలో, సున్నం కిలో, నీళ్లు 100 లీటర్లు. 1885లో ఫ్రాన్స్‌లో ద్రాక్షతోటల కోసం మిలార్డెట్ అనే ఆయన ప్రకటించిన మందు అది, ఈనాటికీ మన తోటల్లో ఉంది. మీ అమ్మాయి బట్టీ పడుతున్న నాలుగు రకాల చర్యల్లో మూడు ఆ డ్రమ్ము దగ్గరే జరుగుతాయి.

బట్టీలో కాల్చిన సున్నపు రాళ్ల మీద నీళ్లు పోస్తే కుతకుతలాడి వేడెక్కుతుంది. రెండు కలిసి ఒకటయ్యాయి, అది రసాయన సంయోగం. వేడి బయటికొచ్చింది కాబట్టి ఉష్ణమోచకం. ఆ సున్నపు నీళ్లు, మైలుతుత్తం నీళ్లు కలిపితే చిక్కటి లేత నీలం ముద్దలా మారుతుంది. సున్నంలోని కాల్షియం వెళ్లి సల్ఫేట్‌తో కూడింది, రాగి వచ్చి హైడ్రాక్సైడ్‌తో కూడింది, జతలు మారాయి. ఇది ద్వంద్వ వియోగం. అసలు బోర్డో మిశ్రమంలో తయారయ్యేవి ఇంతకంటే చిక్కైనవే, పదో తరగతికి ఇది చాలు. ఆఖరున మీ ఆయన తళతళలాడే కత్తో మేకో అందులో ముంచి తీసి చూస్తారు, అవునా? ఇనుము మీద ఎర్రగా రాగి పూత పడితే సున్నం చాలలేదని అర్థం, ఇంకాస్త వేస్తారు. పుస్తకంలో ఇనుప మేకును కాపర్ సల్ఫేట్ ద్రావణంలో ముంచమని చెప్పే ప్రయోగం సరిగ్గా ఇదే. ఇనుము రాగిని పక్కకు నెట్టి దాని చోట కూర్చుంది, స్థానభ్రంశం. ఇనుప డ్రమ్ములో ఈ మందు కలపరు, ప్లాస్టిక్ డ్రమ్మే వాడతారు. కారణమూ అదే. మిగిలిన నాలుగోది వియోగం. అది మీ జిల్లా సున్నపు బట్టీల్లో, సిమెంటు ఫ్యాక్టరీల్లో జరుగుతుంది. 100 కిలోల స్వచ్ఛమైన సున్నపురాయిని కాలిస్తే 56 కిలోల సున్నం మిగులుతుంది, 44 కిలోలు కార్బన్ డయాక్సైడ్‌గా పోతాయి. గోడకు వేసిన సున్నం రోజులు గడిచేకొద్దీ గాలిలోంచి ఆ వాయువునే మళ్లీ పీల్చుకుని రాయిగా మారుతుంది. సున్నం వేసిన గోడ గట్టిపడేది అందుకే.

ఈసారి మందు కలిపే ఆదివారం పాపను తోటకు పంపండి. నోట్సు ఇచ్చి పంపకండి, ఊరికే చూడనివ్వండి. వాళ్ల నాన్న మేకు ముంచి ఎందుకు చూస్తారో ఆయన నోటితోనే చెప్పనివ్వండి. ఒక్కటే జాగ్రత్త. మైలుతుత్తం విషం, సున్నం కంట్లో పడితే చూపుకే ముప్పు. ఆమె దూరంగా నిలబడాలి, కలిపేది ఆయనే కావాలి, ఇంటి గిన్నెలేవీ దానికి వాడకూడదు. పిల్లలు ఇంట్లో సొంత ప్రయోగాలు మొదలుపెడితే ఇంకో మాట కూడా గట్టిగా చెప్పండి. బాత్రూం కడిగే యాసిడ్‌ని బ్లీచింగ్ పౌడర్‌తో ఎన్నడూ కలపకూడదు, క్లోరిన్ వస్తుంది, ఊపిరితిత్తులు దెబ్బతింటాయి.

ఇంగ్లిష్ ముడి గురించి. మీ అమ్మాయి రిడక్షన్ అంటుంది, మీరు క్షయకరణం అంటారు. ఇద్దరిలో ఎవరి మాట అర్థం చెబుతోంది? క్షయం అంటే తరిగిపోవడం. ఆక్సిజన్ తరిగిపోతే క్షయకరణం, ఆక్సిజన్ చేరితే ఆక్సీకరణం. వేడి కాపర్ ఆక్సైడ్ మీదుగా హైడ్రోజన్ పంపితే కాపర్ ఆక్సైడ్ ఆక్సిజన్ పోగొట్టుకుంది, హైడ్రోజన్ దాన్ని పుచ్చుకుంది. ఒకరు ఇస్తేనే ఇంకొకరు పుచ్చుకునేది, అందుకే రెండూ ఎప్పుడూ జంటగా జరుగుతాయి. డబుల్ డిస్‌ప్లేస్‌మెంట్ అని పాప అన్నప్పుడు "రెండు జతలు విడిపోయి మారాయా?" అని మీరు అడగండి. ప్రెసిపిటేట్ అంటే "అడుగున దిగే మడ్డా?" అనండి. మాట ఆమెది, అర్థం మీది. పరీక్షలో ఆమె ఇంగ్లిష్‌లోనే రాస్తుంది, రాయాలి కూడా. కానీ అర్థమైనదాన్ని ఇంగ్లిష్‌లో పెట్టడం వేరు, అర్థం కాని ఇంగ్లిష్‌ని అప్పజెప్పడం వేరు. మీ తెలుగు మీడియం ఆమెకు అడ్డం కాదమ్మా. ఇంట్లో ఆమెకున్న ఆసరా అదే. ఆ సంగతి ఇంకా తనకు తెలియదు.

చిన్న సందేహాలు రెండు మిగిలాయి. ఎన్‌ఏ అనేది లాటిన్ పేరు నేట్రియం నుంచి వచ్చింది. ఇనుము ఫెర్రం, సీసం ప్లంబం, పొటాషియం కాలియం, ఇవన్నీ అలాంటివే. 1813 ప్రాంతంలో బెర్జీలియస్ అక్షరాలతో గుర్తులు పెట్టినప్పుడు లాటిన్ పేర్లే తీసుకున్నాడు. మెగ్నీషియం తీగ గాలికి ఉంటే పైన ఆక్సైడ్ పొర కడుతుంది, ఆ పొర మండదు, అందుకే రుద్దుతారు. మండేటప్పుడు నేరుగా చూడకూడదు.

ఇక మీరు అడిగిన అసలు మాట. దారులు మూడు నాలుగు ఉన్నాయి, ఒక్కోదానికి ఒక్కో ఖర్చు ఉంది.

ట్యూషన్ తప్పు కాదు. వారం వారం కొత్త సమీకరణాలు ఇచ్చి చేయించే మనిషి దొరికితే రెండు నెలల్లో చెయ్యి తిరుగుతుంది. పంపే ముందు మీరో మీ ఆయనో ఒక క్లాసు బయట కూర్చుని వినండి. ఆ సారు ముందు ఏం జరిగిందో చెప్పి తర్వాత రాస్తున్నారా, లేక బోర్డు నింపి రాసుకోమంటున్నారా? రెండోదైతే మీ అమ్మాయి ఇప్పుడు ఉచితంగా చేస్తున్న బట్టీనే డబ్బిచ్చి చేస్తుంది. పైగా తొమ్మిది కిలోమీటర్లు పోయి రాత్రి ఎనిమిదికి వచ్చే పిల్లకు మిగతా సబ్జెక్టులకు ఎంత ఓపిక మిగులుతుందో మీరే చూడాలి.

బట్టీనే కొనసాగనిస్తే? నిజం చెప్పాలి కాబట్టి చెబుతున్నాను, పాస్ అవుతుంది. ఎక్కువగా అడిగే సమీకరణాలు గుర్తుంటే పదో తరగతి గట్టెక్కుతుంది. కానీ ఆమ్లాలు, క్షారాలు, లోహాల సంగ్రహణ, కార్బన్ సమ్మేళనాలు, ముందున్న పాఠాలన్నీ ఈ పాఠం మీదే నిలబడతాయి. ఇంటర్‌లో ఎంపీసీనో బైపీసీనో తీసుకుంటే మొదటి నెలలోనే ఊపిరాడదు. ఆమెకు సీఈసీ మీదో ఇంకోదాని మీదో మనసుంటే ఈ నష్టం అంత పెద్దది కాదు. ఒకసారి అడిగి చూడండి, ఏం చదవాలనుకుంటోందో మీ ఉత్తరంలో ఎక్కడా లేదు.

బడికి వెళ్లి ఆ టీచర్‌ని కలవడం ఇంకో దారి. స్లిప్ టెస్టు పేపరు చేత పట్టుకుని వెళ్తే, సంయోజకత దగ్గర పోతోందా లెక్క దగ్గర పోతోందా అన్నది ఆయన పది నిమిషాల్లో చెప్పగలరు. ఆ నవ్వు సంగతి కూడా చెప్పండి, నిందలా కాకుండా జరిగింది జరిగినట్టు. చాలాసార్లు టీచర్‌కి అది గుర్తు కూడా ఉండదు. నా క్లాసులోనూ అలా ఒక పిల్ల చెయ్యెత్తడం మానేసింది. ఎందుకో తెలిసేసరికి ఏడాది గడిచిపోయింది, ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది. ఎవరైనా వచ్చి చెప్పి ఉంటే బాగుండేదని అనుకుంటాను. అయితే పాపతో చెప్పకుండా వెళ్లకండి. "అమ్మ నా గురించి సార్ దగ్గర మాట్లాడింది" అని తెలిస్తే రెండోసారి తల వంచుకున్నట్టవుతుంది. వద్దంటే కొన్నాళ్లు ఆగండి.

మీరు పూర్తిగా తప్పుకోవడం నాకు మంచిదనిపించడం లేదు, అలాగని మళ్లీ పాతలా పక్కన కూర్చుని చెప్పబోతే ఆమె ఒప్పుకోదు. ఈ రెంటికీ మధ్య ఒక చోటు ఉంది. మీరు మధ్యాహ్నం దాచుకుని చదివే పుస్తకాన్ని రాత్రి ఆమె ముందే తీయండి. "నాకు ఇక్కడ తెగడం లేదు, నీకు తెలిస్తే చెప్పు" అనండి. నిజంగా తెగనిదే అడగండి. తెలిసినదాన్ని తెలియనట్టు నటిస్తే పదిహేనేళ్ల పిల్ల ఇట్టే పట్టేస్తుంది, ఆ తర్వాత ఇక దగ్గరికి రాదు. మొదటి వారం విసుక్కోవచ్చు, పుస్తకం తోసేయొచ్చు. ట్యూషన్‌లా పది రోజుల్లో మార్కులు కనిపించవు కూడా. మీకు అంత ఓపిక, ఆమెకు అంత టైమ్ లేదనుకుంటే ట్యూషన్ పెట్టి, ఈ పని ఆదివారాలకే ఉంచుకోండి. రెండూ కలిపి నడిపించినవాళ్లు ఉన్నారు. నా మొగ్గు మాత్రం ముందు ఒక నెల ఇంట్లో, బడిలో ప్రయత్నించి చూసి, అప్పుడు ట్యూషన్ మాట ఎత్తడం వైపే. మీ ఇంటి సంగతి మీకు తెలిసినంత నాకు తెలియదు.

సారీ చెప్పాలా అన్నారు. చెప్పండి, కానీ ఒక్క వాక్యంలో. "ఆ రోజు నేను తప్పు చెప్పాను, నువ్వు నన్ను నమ్మి క్లాసులో నిలబడ్డావు, నాకు తెలిసింది." అంతకంటే పొడిగిస్తే ఆమె మిమ్మల్ని ఓదార్చాల్సి వస్తుంది. చెప్పాక మెడికల్ షాపు నుంచి హైడ్రోజన్ పెరాక్సైడ్ సీసా ఒకటి తెప్పించండి. చేతులకు, కళ్లకు తగలకుండా ఒక గాజు గ్లాసులో రెండు చెంచాలు పోసి, అందులో పచ్చి బంగాళాదుంప ముక్క వేయండి. దుంపలో ఉండే ఒక ఎంజైమ్ వల్ల వెంటనే నురగ లేస్తుంది. ఆ బుడగలు ఆక్సిజన్. ఆ రోజు మీరు ఓ కింద ఎక్కువగా వేయించిన ఆక్సిజనే బయటికి వెళ్లిపోతోంది. నురగ ఆగాక గ్లాసులో మిగిలేది దాదాపు నీరే. ఆ సమీకరణం ఏ నోట్సూ చూడకుండా ఆమెను రాయమనండి. పెరాక్సైడ్ ముందు ఒక రెండు, నీటి ముందు ఒక రెండు వస్తాయి, ఆక్సిజన్ ముందు ఏమీ అక్కర్లేదు.